పదకొండు మంది వెనుక ఉన్న కోటీ ముప్పై లక్షల మంది

2024 జూన్ 4 సాయంత్రానికి ఆంధ్రప్రదేశ్ శాసనసభ రూపమే మారిపోయింది. అయిదేళ్ల క్రితం 175 స్థానాలకు 151 గెలుచుకున్న వైఎస్సార్ కాంగ్రెస్ పార్టీకి 11 మిగిలాయి. తెలుగుదేశానికి 135, జనసేనకు 21, బీజేపీకి 8 వచ్చాయి. ఆ పదకొండు మీద అప్పటి నుంచి పుట్టిన హాస్యానికి అంతు లేదు. క్రికెట్ జట్టుకు సరిపోయారన్నారు, 151లో నడుమనున్న అయిదు ఎగిరిపోయిందన్నారు, ఫోన్లలో తిరిగిన బొమ్మలకైతే లెక్కే లేదు. నేనూ ఒకటి రెండింటికి నవ్వాను. అయితే ఆ నవ్వులు సద్దుమణిగిన తరువాత కూడా మా ఊళ్లో ఆ ఎన్నిక గురించి జనం మాట్లాడుకుంటున్న తీరును గమనిస్తూ వచ్చాను. గెలిచినవారి ఓటర్లు, ఓడినవారి ఓటర్లు, ఇద్దరూ ఆ సీట్ల అంకెనే జనం మనసుగా చదువుకున్నారు. ఆ చదవడంలోనే పొరపాటు ఉందని, దాని ఫలితం శాసనసభ దాకా పాకిందని నా అభిప్రాయం.

ముందు ఓట్ల సంగతి. 2019లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు పడినవి 49.95 శాతం, 2024లో 39.37 శాతం. నూటికి పదిన్నర మంది అటు నుంచి ఇటు వస్తే 140 సీట్లు పోయాయన్నమాట. 2019లో ఓడిన తెలుగుదేశానికి వచ్చినదీ దాదాపు అంతే, 39.17 శాతం. అప్పుడు దానికి దక్కినవి 23 స్థానాలు. ఓడిన పక్షం వెనుక రెండుసార్లూ నూటికి ముప్పైతొమ్మిది మంది నిలబడే ఉన్నారు. ఈసారి సీట్లు మరీ పలచబడడానికి కారణం 2019లో విడివిడిగా పోటీ చేసిన మూడు పార్టీలు ఒక్కటి కావడం, నియోజకవర్గానికి ఒక్క ఓటు ఎక్కువ వచ్చినవారికే మొత్తం స్థానాన్ని కట్టబెట్టే మన పద్ధతి. తెలుగునాట ఇది కొత్త కూడా కాదు. 1955లో ఆంధ్ర రాష్ట్ర శాసనసభకు జరిగిన ఎన్నికలలో కమ్యూనిస్టులకు 31 శాతం ఓట్లు పడితే, 196 స్థానాలలో 15 మాత్రమే వచ్చాయి. అప్పుడు కూడా వారికి ఎదురుగా కాంగ్రెస్, మరికొన్ని పార్టీలు కలిసి నిలబడ్డాయి.

నేను ఉండేది కోనసీమలో, రాజోలు నియోజకవర్గంలో. పాత ఉభయ గోదావరి జిల్లాలలోని 34 స్థానాలూ కూటమికే పోయాయి కాబట్టి, జూన్ నెలలో మా వైపు వచ్చి చూసినవారికి ఓడిన పార్టీకి ఇక్కడ ఓటరన్నవాడే లేడనిపించి ఉంటుంది. ఫ్లెక్సీలు రాత్రికి రాత్రి దిగిపోయాయి. బండి వెనుక అంటించిన బొమ్మలను గోకి తీసేశారు. మే 13న ఎండలో గంటల తరబడి వరుసలో నిలబడి ఉత్సాహంగా ఓటు వేసినవాళ్లే, ఫలితం వచ్చాక ఎవరికి వేశారని అడిగితే మాట మార్చడం మొదలుపెట్టారు. రాష్ట్రం మొత్తం మీద కోటీ ముప్పై లక్షలకు పైగా ఓట్లు వచ్చిన పార్టీకి వీధిలో ఒక్క ఓటరూ కనబడకపోవడం నాకు వింతగా తోచింది.

ఎన్నికల సంఘం ఏ పోలింగ్ కేంద్రంలో ఎవరికి ఎన్ని ఓట్లు పడ్డాయో ఫారం-20 అనే పట్టికలో బయటపెడుతుంది. మా ఊరి పోలింగ్ బూతుల కాగితం తీసుకుని, సాయంత్రం పదిమంది చేరే టీ బడ్డీ దగ్గర బల్ల మీద పెట్టాను. గెలిచిన పక్షం వాడైన ఒక కొబ్బరి వ్యాపారి దానిని రెండుసార్లు చూసి, "ఇంతమంది ఏసేరేటండి ఆళ్లకి? ఎవరండీ ఆళ్లంతా?" అన్నాడు. ఓడిన పక్షానికి ఊళ్లో బూత్ ఏజెంటుగా కూర్చున్న కుర్రవాడు అదే కాగితాన్ని చేతిలోకి తీసుకుని, "ఆయ్, మనోళ్లు ఇంతమంది ఉన్నారన్నమాట" అని తనలో తాను అనుకున్నాడు. వ్యాపారి అక్కడితో ఆగలేదు. ఏ బూతులో ఏ పేట వారి ఓట్లున్నాయో వేళ్ల మీద లెక్కవేసి, ఫలానా పేటలో ఎవరెవరు అటు వేసి ఉంటారో పేర్లతో సహా చెప్పడం మొదలుపెట్టాడు. తప్పో ఒప్పో గాని, ఊళ్లో ఈ లెక్క ప్రతి ఎన్నిక తరువాతా జరుగుతుంది. ఓటు రహస్యమే అయినా బూతు రహస్యం కాదు కదా. ఏ బూతు లెక్కా విడిగా బయటపడకుండా చాలా కేంద్రాల యంత్రాలలోని ఓట్లను కలిపి ఒక్కసారిగా లెక్కించే టోటలైజర్ అనే పరికరాన్ని వాడదామని ఎన్నికల సంఘం చాలాకాలం క్రితమే అడిగింది, కాని అది అమలులోకి రాలేదు.

పేట పేరు బయటపడితే ఏమవుతుందని పట్నంలో ఉండేవారికి అనుమానం రావచ్చు. పల్లెలో శాసనసభలో అధికారం మారిందంటే దాని అర్థం ఉపాధి హామీ పథకంలో ఫీల్డ్ అసిస్టెంటు ఎవరు, చౌకదుకాణం డీలరు ఎవరు, బడిలో మధ్యాహ్న భోజనం వండే ఏజెన్సీ ఎవరిది అన్నదే. 2019లో ఇవి ఒక పక్షం వారి చేతుల్లో నుంచి మరో పక్షం వారి చేతుల్లోకి వెళ్లాయి. 2024 తరువాత చాలాచోట్ల తిరిగి ఇటు వచ్చాయి. బడిలో పదేళ్లుగా అన్నం వండుతున్న ఒక ఆవిడను మానిపించి ఇంకొకరిని పెట్టడానికి ఎక్కడా కారణం రాసి ఉండదు, అందరికీ మాత్రం తెలిసే ఉంటుంది. ఆవిడను మానిపించినప్పుడు అన్యాయమని మాట్లాడినవాళ్లు, అంతకు అయిదేళ్ల ముందు ఇంకొకావిడను మానిపించినప్పుడు నోరు మెదపలేదు. "అప్పుడు ఆళ్లు చేసేరు, ఇప్పుడు ఈళ్లు చేసేరు" అన్న ఒక్క మాటతో రెండు అన్యాయాలూ చెల్లుకు చెల్లు అయిపోయాయి.

అందుకే ఓడిన పక్షం ఓటర్లలో ముందు కనబడినది కోపం కాదు, బెంగ. మా వీధి చివర ఉండే ముసలమ్మ తన పింఛను తీసేస్తారేమోనని జూన్ నెలంతా కనబడిన ప్రతివారినీ అడిగింది. నెలనెలా ఇంటికి వచ్చే వాలంటీరు అప్పటికే రావడం మానేశాడు. జూలై 1న సచివాలయం ఉద్యోగి ఇంటికే వచ్చి, పెంచిన 4,000 రూపాయలకు ఏప్రిల్ నుంచి బకాయి ఉన్న 3,000 కలిపి 7,000 రూపాయలు ఆమె చేతిలో పెట్టాడు. ఆమె ఆ డబ్బును రెండుసార్లు లెక్కపెట్టుకుని, ఈ ప్రభుత్వం వారికి ఓటు వేయనందుకు ఏమీ అనుకోలేదా అని అతడినే అడిగిందట. ఎవరి బొమ్మ మీద నొక్కినా పింఛను తన హక్కేనని ఆమెకు ఎవరూ చెప్పినట్టు లేదు. చెప్పవలసిన పార్టీలు రెండూ ఆ డబ్బును తమ నాయకుడు పంపినట్టుగానే మాట్లాడతాయి.

ఊళ్లోని సంగతులకూ శాసనసభకూ ఉన్న సంబంధం ఇక్కడే ఉంది. ఓడినవారి ఓటరు వీధిలో కనబడకుండా పోయినట్టే, ఓడినవారి శాసనసభ్యులు సభలో కనబడకుండా పోయారు. తమకు ప్రధాన ప్రతిపక్ష హోదా ఇవ్వాలని కోరుతూ వై.ఎస్. జగన్మోహన్ రెడ్డి 2024 జూన్‌లోనే స్పీకరు అయ్యన్నపాత్రుడికి లేఖ రాశారు, ఆ తరువాత హైకోర్టుకు వెళ్లారు. సభలో పదో వంతు, అంటే 18 మంది లేనిదే ఆ హోదా రాదని అధికార పక్షం వాదన. ఈ పదో వంతు ఆనవాయితీ తొలి లోక్‌సభ స్పీకరు మావలంకర్ కాలం నుంచి వస్తున్నది. రాష్ట్ర చట్టంలో అలాంటి అంకె లేదని, ప్రతిపక్షాలలో ఎక్కువ మంది ఉన్న పార్టీ నాయకుడికే హోదా దక్కాలని అవతలి వాదన. 2025 మార్చిలో స్పీకరు సభలోనే రూలింగు ఇచ్చి ఆ కోరికను తోసిపుచ్చారు.

రెండు వైపులా పూర్వోదాహరణలు దొరుకుతాయి. 2014లో 44 స్థానాలు వచ్చిన కాంగ్రెస్‌కు, 2019లో 52 వచ్చినప్పుడు కూడా లోక్‌సభలో ఆ హోదా ఇవ్వలేదు. ఢిల్లీ శాసనసభలో మాత్రం 2015లో 70 స్థానాలకు మూడే గెలిచిన బీజేపీకి ఆమ్ ఆద్మీ పాలనలో ప్రతిపక్ష నాయకుడి హోదా దక్కింది. మన దగ్గరి చరిత్ర మరీ చిత్రమైనది. తెలుగుదేశం సభ్యులలో అయిదుగురిని లాగేస్తే చంద్రబాబుకు ప్రతిపక్ష హోదా కూడా ఉండదని 2019లో ముఖ్యమంత్రిగా సభలో అన్నది జగన్మోహన్ రెడ్డే, కాకపోతే తాను ఆ పని చేయనని చెప్పడానికి ఆ మాట అన్నారు. హోదాకు అలాంటి గీత ఒకటి ఉందని అప్పుడు ఆయనకూ తెలుసు.

నన్ను అడిగితే ఆ హోదా ఇచ్చేయవలసిందని చెబుతాను. 164 మంది ఉన్న కూటమికి దానివల్ల పోయేదేమీ లేదు, అవతలివారికి సాకు మాత్రం పోయేది. అలాగని హోదా లేదు కనుక సభకు రామనడాన్ని నేను ఒప్పుకోలేను. 2025 ఫిబ్రవరిలో గవర్నరు ప్రసంగం రోజున వచ్చి, కొద్ది నిమిషాలు నినాదాలు చేసి వెళ్లిపోయారు. హాజరు పట్టీలో సంతకాలు పెట్టి సభలోకి రాని సభ్యుల గురించి ఆ సమావేశాలలోనే స్పీకరు ప్రస్తావించవలసి వచ్చింది. అనుమతి లేకుండా 60 రోజుల పాటు సమావేశాలకు రాకపోతే స్థానం ఖాళీ అయినట్టు ప్రకటించే అధికారం సభకు రాజ్యాంగంలోని 190వ అధికరణం ఇచ్చింది, ఆ సంతకాల వెనుక కథ అదే.

సభను బహిష్కరించడం ఒక్క పార్టీ చేసిన పని కాదు. తమ సభ్యులు 23 మందిని తెలుగుదేశం చేర్చుకున్నా స్పీకరు అనర్హత వేటు వేయలేదని 2017 చివరి నుంచి వైఎస్సార్ కాంగ్రెస్ సభకు రాలేదు. ముఖ్యమంత్రిగానే తిరిగి అడుగుపెడతానని చెప్పి 2021 నవంబరు 19న చంద్రబాబు సభ నుంచి బయటకు వెళ్లారు, 2024 జూన్‌లో అన్నట్టుగానే వచ్చారు. రెండు సందర్భాలలోనూ బయటకు వెళ్లిన నాయకుడే తరువాతి ఎన్నికలలో గెలిచాడు. ఓటర్లు దీనిని తప్పుగా చూడలేదని పార్టీలు అనుకోవడంలో ఆశ్చర్యమేముంది? సభకు వెళ్లకపోయినందుకు ఏ ఎమ్మెల్యేనైనా ఏ ఊరివారైనా నిలదీయగా నేను చూడలేదు. రోడ్డు ఎందుకు వేయలేదని అడుగుతారు, పెళ్లికి ఎందుకు రాలేదని అడుగుతారు, చావుకు రాకపోతే జన్మలో మరచిపోరు. సభలో ఏం మాట్లాడావని మాత్రం అడగరు.

ఆ పదకొండు నియోజకవర్గాల సంగతి తలచుకుంటే ఈ నిర్లక్ష్యం ఖరీదు తెలుస్తుంది. పులివెందుల, పుంగనూరు వంటి చోట్ల గెలిచినవారు పెద్ద నాయకులు, సభకు రాకపోయినా వారి మాట పత్రికలలో వస్తుంది. కాని ఆ పదకొండులో అరకు, పాడేరు కూడా ఉన్నాయి. రోడ్డు లేక గర్భిణులను డోలీ కట్టి కొండ దింపవలసి వచ్చే మన్యం గూడేలవి. రాష్ట్రమంతా ఒకవైపు పోతున్నా ఆ రెండు చోట్లా గిరిజన ఓటర్లు తమ ఇష్టాన్ని తాము నిలుపుకొన్నారు. వారి ఎమ్మెల్యేకు ఆ రోడ్డు గురించి మంత్రిని నిలబెట్టి అడగడానికి ఏ హోదా అవసరం లేదు, ప్రశ్నోత్తరాల సమయానికి ఒక ప్రశ్న రాసి పంపితే చాలు. పైగా ప్రతిపక్షం గెలిచిన నియోజకవర్గంలో అధికారుల దగ్గర చెల్లేది గెలిచిన ఎమ్మెల్యే మాట కాదు, అధికార పార్టీ ఇన్‌ఛార్జి మాట. ఈ ఏర్పాటు ఏ పార్టీ పాలనలోనూ మారలేదు. నియోజకవర్గంలో చెల్లని ఎమ్మెల్యేకు మిగిలిన ఒకే ఒక్క చోటు శాసనసభ అయినప్పుడు, అక్కడికీ వెళ్లకపోతే ఆయన్ను ఎన్నుకున్నవారు ఇంకెవరి వైపు చూడాలి?

సభలో ప్రతిపక్షం లేకపోతే జరిగేదేమిటో ప్రజా పద్దుల సంఘం విషయంలో తేలిపోయింది. ప్రభుత్వం ఖర్చుపెట్టిన డబ్బుకు లెక్కలు అడిగే ఈ సంఘానికి అధ్యక్షుడిగా ప్రతిపక్ష సభ్యుడు ఉండడం చాలాకాలంగా వస్తున్న ఆచారం. 2024 నవంబరులో ఎన్నిక జరిగితే వైఎస్సార్ కాంగ్రెస్ దానిని బహిష్కరించింది. ఎలాగూ గెలిచేటంత మంది లేరు. భీమవరం నుంచి గెలిచిన జనసేన సభ్యుడు పులపర్తి రామాంజనేయులు అధ్యక్షుడయ్యారు. ఆయన సమర్థత మీద నాకేమీ అనుమానం లేదు. తమ ప్రభుత్వం లెక్కలను తామే తనిఖీ చేసుకోవలసిన ఇబ్బందిలో ఆయన్ను పెట్టారన్నదే నా బాధ.

శాసనమండలి కథ వీటన్నిటికన్నా రంజుగా ఉంటుంది. ఎన్.టి. రామారావు కాలంలో 1985లో రద్దయిన మండలి 2007లో తిరిగి వచ్చింది. 2020 జనవరిలో మూడు రాజధానుల బిల్లును, తెలుగుదేశం ఆధిక్యం ఉన్న మండలిలో ఛైర్మన్ సెలెక్ట్ కమిటీకి పంపారు. వారం తిరగకుండానే మండలిని రద్దు చేయాలని జగన్ ప్రభుత్వం శాసనసభలో తీర్మానం చేయించింది. పార్లమెంటు దానిని పట్టించుకోలేదు, ఈలోగా మండలిలో తమ బలం పెరగడంతో 2021 నవంబరులో ప్రభుత్వమే ఆ తీర్మానాన్ని వెనక్కి తీసుకుంది. తీరా 2024లో శాసనసభ చేజారిన తరువాత ఆ పార్టీకి మిగిలిన గొంతు ఆ మండలిలోనే ఉంది. బొత్స సత్యనారాయణ ఆగస్టులో విశాఖ స్థానిక సంస్థల స్థానం నుంచి పోటీ లేకుండా ఎన్నికై, అక్కడ ప్రతిపక్ష నాయకుడయ్యారు. ఎత్తేద్దామనుకున్న సభలోనే హోదా దొరికింది. ఓటర్లు ఒక్క రోజున తీర్పు మార్చినా ఆ మార్పు అన్ని సభలకూ ఒక్కసారిగా చేరకుండా చేయడమే మండలి ఉద్దేశమని నేను అనుకుంటాను. 2019లో అది తెలుగుదేశం వారికి నచ్చింది, ఇప్పుడు వైఎస్సార్ కాంగ్రెస్ వారికి నచ్చుతోంది.

అదే మండలికి 2025 ఫిబ్రవరి 27న మా ఉభయ గోదావరి జిల్లాల పట్టభద్రుల స్థానానికి ఎన్నిక జరిగింది. నేనూ ఓటరునే. సార్వత్రిక ఎన్నిక అయిన తొమ్మిది నెలలకే జనం నాడి తెలుసుకునే అవకాశం అది. ప్రధాన ప్రతిపక్షమని తమను గుర్తించమంటున్న పార్టీ ఆ ఎన్నికలో అసలు పోటీయే చేయలేదు. టీ బడ్డీ దగ్గరి కుర్రవాడు డిగ్రీ చదివినవాడే, ఓటూ ఉంది. "మా పార్టీ బ్యాలెట్టు మీదే లేదు, నేనేం చెయ్యనండి" అని ఇంటి దగ్గరే ఉండిపోయాడు. తెలుగుదేశం అభ్యర్థి పేరాబత్తుల రాజశేఖరం గెలిచారు.

మా నియోజకవర్గానికి శాసనసభలో ఒంటరిగా ఉండడమంటే ఏమిటో ముందే తెలుసు. 2019లో రాష్ట్రం మొత్తం మీద జనసేన గెలిచిన ఒక్క స్థానం మా రాజోలే. ఆ ఒక్క సభ్యుడు రాపాక వరప్రసాద్ కొద్ది నెలల్లోనే అధికార పక్షానికి దగ్గరై, మూడు రాజధానుల బిల్లుకు సొంత పార్టీ వైఖరికి విరుద్ధంగా మద్దతు పలికారు. 2024లో వైఎస్సార్ కాంగ్రెస్ తరఫున అమలాపురం లోక్‌సభకు నిలబడి ఓడిపోయారు. అప్పట్లో మా వైపు జనం ఆయన్ను బాగానే తిట్టుకున్నారు. అయితే ఆ తిట్లలో సగం, ఇంత చేసి నియోజకవర్గానికి ఏమి తెచ్చాడని. ఏదైనా పెద్ద పని తెచ్చి ఉంటే పార్టీ మారినందుకు క్షమించేవారని నాకు గట్టి అనుమానం. 2024లో రాజోలులో మళ్లీ జనసేనే గెలిచింది. దేవ వరప్రసాద్ మా ఎమ్మెల్యే. ఈసారి ఆయన ఒంటరి కాదు, 164 మందిలో ఒకరు.

దానివల్ల మాకు మేలెంత అన్నది శంకరగుప్తం డ్రెయిన్ దగ్గర తేలాలి. ఆ డ్రెయిన్ గుండా సముద్రపు పోటు నీరు ఎగదన్ని కేశనపల్లి చుట్టుపక్కల కొబ్బరి తోటల్లోకి చేరడంతో, మట్టలు రాలిపోయి మొండి స్తంభాల్లా మిగిలిన చెట్లు ఎకరాల కొద్దీ కనబడతాయి. ఉప్పు పట్టిన నేలలో మళ్లీ మొక్క నాటినా కాపుకు వస్తుందన్న నమ్మకం రైతుకు లేదు. ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ స్వయంగా వచ్చి ఆ తోటలు చూసి వెళ్లారు. ఎమ్మెల్యే అధికార పక్షంలో ఉన్నాడు కాబట్టి పని త్వరగా అవుతుందని కొందరి ఆశ. అధికార పక్షంలో ఉన్నవాడు మంత్రిని గట్టిగా అడగలేడని మరికొందరి అనుమానం. నేను ఈ రెండోవారి పక్షం. ఆ పదకొండు మందిలో ఎవరైనా సరే సభకు వెళ్లి, డ్రెయిన్ పూడిక తీయడానికి ఎంత మంజూరు చేశారు, ఎంత ఖర్చుపెట్టారు, పని ఎప్పటికి పూర్తి చేస్తారు అని మూడు ముక్కలు అడిగితే, వారి పార్టీకి ఓటు వేయని నాకూ ఆ జవాబు కావాలి.